ఎనిమిదో మూట

శనివారం మధ్యాహ్నం సుచిత్ర బియ్యం పంచడానికి కూర్చుందంటే ఇంట్లో ఎవరూ ఆమె జోలికి రాకూడదు. చంటిది ఏడ్చినా అంతే, మొగుడు పిలిచినా అంతే. అత్తగారి పాత వాయిలు చీర చింపి కుట్టుకున్న గుడ్డ సంచులు ఏడు చాప మీద వరసగా పెట్టుకుని, స్టీలు గ్లాసుతో ఒక్కొక్క దాంట్లో మూడేసి గ్లాసులు పోస్తుంది. గ్లాసు పైన వేలితో చదును చేసి మరీ పోస్తుంది. మూతి బిగించి, దారం కట్టి, గోడవారగా నిలబెడుతుంది. ఏడు రోజులకి ఏడు మూటలు. సోమవారం మూట సోమవారమే విప్పాలి. మంగళవారం మూటలో చెయ్యి పెట్టడమంటే శుక్రవారం పస్తుకి బయానా ఇచ్చుకోవడమేనని ఆమె సిద్ధాంతం.

ఇది ఆమెకి ఎవరూ నేర్పలేదు. గుడివాడలో వాళ్లమ్మ బస్తాలోంచి చేటలోకి నేరుగా తీసుకునేది, బస్తా అడుగు కనబడ్డాకే అయిపోవచ్చిందని గమనించేది. సుచిత్ర కోడూరు కోడలయ్యాక, రొయ్యల చెరువు మీద పనిచేసేవాడికి పెళ్లామయ్యాక, ఒక శుక్రవారం మూడేళ్ల కూతురు ఖాళీ కంచం ముందు కూర్చుని వేళ్లు నాకడం చూసి తనకు తానే నేర్చుకుంది. ఆ పూట గుర్తొస్తే ఆమె ఇప్పటికీ మూటలు ఇంకోసారి లెక్కపెట్టుకుంటుంది.

మొగుడు ప్రేమ్ సాగర్‌ది పాలకాయతిప్ప దారిలో పున్నారావు గారి చెరువుల మీద మేత వేసే పని. శనివారం పొద్దున వారం కూలి చేతికిస్తారు. ఆ వేసవిలో చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలి రెండింటిని ఎండగట్టారు. పున్నారావు మంచివాడే, పనిలోకి రావద్దనలేదు, సగం రోజులు రమ్మన్నాడు. సగం పనికి సగం కూలి వస్తుంది గానీ ఆకలి సగం కాదు కదా. పైగా ఎండాకాలం సెలవలు. అంగన్‌వాడీలో తినే పిల్ల రెండు పూటలా ఇంట్లోనే తింటోంది.

అది చాలదన్నట్టు అదే నెలలో రేషను కార్డులోంచి దేవమ్మ పేరు తీసేశారు. దేవమ్మ అంటే సుచిత్ర అత్తగారు. పోయి ఏడాది దాటింది. పోయిన మనిషి పేరు మీద నెలకి ఐదు కిలోలు తెచ్చుకోవడం తప్పని సుచిత్రకి తెలియక కాదు. ఆ ఐదు కిలోలూ పెట్టుకుని మేడలు కట్టలేదు కదా, పిల్లల కంచాల్లోకే వచ్చాయి కదా అని సరిపెట్టుకుంది. ఇప్పుడవీ పోయాయి.

మిగిలినదాంట్లోంచే పిడికెడు బియ్యం కూడా తియ్యాల్సి వచ్చింది.

పిడికెడు బియ్యం క్రైస్తవుల ఇళ్లల్లో పాత అలవాటే. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారమంతా పోగైనవి చర్చికి ఇస్తారు. దేవమ్మ ఆ పని చేసే తీరు చూస్తే మాత్రం కొత్తగా వచ్చిన కోడలికి కాస్త భయమేసేది. ఒంట్లో బాగాలేక మంచం మీదున్నప్పుడు కూడా వంట వేళకి లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి, కుడిచేత్తో పిడికెడు తీసి, పాత పాలపొడి డబ్బా మీద ఆ పిడికిలి విప్పి అలాగే చూస్తూ నిలబడేది. ఆఖరి రోజుల్లో సుచిత్ర చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది.

"నేను పోయినా ఆ డబ్బాలో వెయ్యడం మానొద్దమ్మా. పిల్లల నోటి దగ్గరది తియ్యొద్దు. నా వాటాలోంచే తియ్యి. మానొద్దు."

అలాగేనని సుచిత్ర మాటిచ్చింది. ఏడాది పైన నిలబెట్టుకుంది కూడా. పనికి వెళ్తూ వెళ్తూ ప్రేమ్ సాగర్ వారానికోసారి ఆ డబ్బా బండి మీద పట్టుకెళ్లి, ఖాళీ చేసి తెచ్చేవాడు. ఇప్పుడు అత్తగారి వాటానే లేనప్పుడు ఎక్కడి నుంచి తియ్యాలి? దేవుడికి లెక్కలు రాకపోతాయా, ఆయనకీ తెలుస్తుందిలే అనుకుంది.

మే నెల మొదటి శనివారం, ఏడు మూటలూ కట్టాక, పాలపొడి డబ్బా కడిగి కిటికీలో బోర్లించింది. పెద్దది కెజియా పక్కగదిలో నిద్రపోతోంది. చంటిది హన్నా ఉయ్యాల్లో ఉంది. బయట ఎండ నిప్పులు కురుస్తోంది. ఇంతలో వెనక వాకిట్లో ఎవరో నిలబడినట్టు అనిపించింది. వీధిలో అడుక్కునేవాళ్లు ఆ వేళకి రావడం మామూలే. సుచిత్ర చేతిలో పనుంది, మనసులో చిరాకుంది. వెనక్కి తిరక్కుండానే, "లేదు, ఏమీ లేదు, వెళ్లు" అంది.

దేవమ్మ బతికుంటే ఆ మాటకి నెత్తిన మొట్టేది. బియ్యం పూర్తిగా అయిపోయినా ఆవిడ "లేవు" అననిచ్చేది కాదు.

తిరిగి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు. గడప మీద గిన్నెడు నీళ్లు ఒలికినట్టు తడి మాత్రం ఉంది. హన్నా గిన్నె దొర్లించిందనుకుని తుడిచేసింది. ఉయ్యాల్లో ఉన్న పిల్ల గడప దగ్గర గిన్నె ఎలా దొర్లిస్తుందో ఆమెకి అప్పుడు తట్టలేదు.

* * *

మరుసటి వారం నుంచి కెజియాకి ఆకలి పట్టుకుంది.

అన్నం తిని చెయ్యి కడుక్కుని అరగంట కాకముందే "అమ్మా, ఆకలి" అనేది. మొదట్లో సుచిత్ర నమ్మలేదు. సెలవల్లో పిల్లలకి తోచక ఆకలంటారు అనుకుంది. తన కంచంలోది తీసి పెట్టింది. అదీ తింది, మళ్లీ ఆకలంది. పెరట్లో ములగాకు కోసి పప్పులో వేసింది, గంజిలో ఉప్పేసి తాగించింది, వారానికి తెచ్చే ఆరు గుడ్లలో నాలుగు దానికే పెట్టింది. రెండు వారాలకి పిల్ల మెడ దగ్గర ఎముకలు తేలాయి. ముంజేతి గాజులు మోచేతి దాకా వెళ్లి కూర్చుంటున్నాయి.

నులిపురుగులన్నాడు ప్రేమ్ సాగర్. అవనిగడ్డ తీసుకెళ్తే డాక్టరు రక్తం తీయించి, పొట్ట నొక్కి చూసి, ఏమీ లేదమ్మా, బాగా తినిపించండి అన్నాడు. బాగా తినిపించడమెలాగో చీటీ మీద రాసివ్వమని అడగాలనిపించింది సుచిత్రకి. అడగలేదు.

మూడో వారం బుధవారంనాడు అంగన్‌వాడీ టీచరు దుర్గాదేవి పిల్లల బరువులు చూస్తానని కబురు పంపింది. కెజియా తూకం మీద నిలబడింది. దుర్గాదేవి ముల్లు చూసి, రిజిస్టరు చూసి, మళ్లీ ముల్లు చూసింది.

"పోయిన నెల పదిహేను కిలోలుంది. ఇప్పుడు పన్నెండున్నర. ఏం పెడుతున్నావమ్మా పిల్లకి?"

"దానికే ముందు పెడుతున్నానండీ. నేను తినకుండా పెడుతున్నాను."

"అంటే సరిపోతుందా? ఇలాగే ఇంకో నెల తగ్గితే పిల్ల మనకి దక్కదు సుచిత్రా. చెప్పలేదనేవు."

సుచిత్ర పిల్లని చంకనేసుకుని ఇంటికొస్తుంటే, ఐదేళ్ల పిల్ల బరువు ఎనిమిది నెలల హన్నా బరువులాగే అనిపించింది. దారిపొడుగునా ఏడుస్తూనే వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టి, ఈ పిల్ల తిండి ఎటు పోతోందో తేల్చుకోవాలని, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కెజియా చాపకి ఒక పక్కన ఒదిగి కూర్చుంది. రెండో పక్క ఇంకో పిల్ల పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

"కొంచెం ఇటు జరిగి కూర్చోవే, అంత చోటుంది కదా."

"ఇక్కడ బుల్లి కూర్చుందమ్మా."

"ఏ బుల్లి?"

"మన బుల్లే. రోజూ వస్తుందిగా."

ఆ వీధిలో బుల్లి అనే పిల్ల లేదు. సుచిత్ర కంచం వంకే చూస్తూ కూర్చుంది. కెజియా చారన్నం కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నములుతోంది. ఆ ముద్ద ఇంకా మింగలేదు, కంచంలో రెండో పక్కనుంచి ఒక ముద్దంత అన్నం తగ్గింది. ఎవరూ తియ్యలేదు. ఒలకలేదు. అక్కడ ఉన్నది లేకుండా పోయింది, అంతే. ఇంకో ముద్ద. ఇటు ఒకటి, అటు రెండు. పిల్ల నాలుగు ముద్దలు తినేసరికి కంచం తుడిచిపెట్టినట్టుంది.

"అయిపోయిందమ్మా" అంది కెజియా.

సుచిత్ర కంచం తన వైపు లాక్కుంది. "నీ అన్నం నువ్వే దానికి పెడుతున్నావా?"

"నేను పెట్టట్లేదు. తనే తింటోంది. ముందు నిన్నే అడిగిందంట. నువ్వు లేదన్నావంట కదా."

పిల్లని అమాంతం ఎత్తుకుని పక్కగదిలోకి లాక్కుపోయింది సుచిత్ర. కాసేపటికి గుండె దిటవు చేసుకుని తిరిగి వచ్చి చాప ఎత్తి చూసింది. ఖాళీ ఉన్న వైపు సిమెంటు గచ్చు మీద తడి. వేలు అద్ది నాలుక మీద పెట్టుకుంది. సముద్రపు నీళ్ల ఉప్పు.

* * *

సాయంత్రం ప్రేమ్ సాగర్ రాగానే జరిగిందంతా చెప్పింది. నవ్వుతాడనో తిడతాడనో అనుకుంది. అతను రెండూ చెయ్యలేదు. హెల్మెట్ తీసి కిటికీలో పాలపొడి డబ్బా పక్కన పెట్టాడు.

"పిడికెడు మానేశానని దేవుడికి కోపమొచ్చిందంటావా? ఆదివారం చర్చిలో పాస్టరు గారికి చెప్పి ఒప్పుకుంటాను" అంది సుచిత్ర.

"ఆ బియ్యం చర్చికి వెళ్లలేదు సుచీ."

"అదేంటి? వారం వారం నువ్వేగా పట్టుకెళ్లింది?"

"అమ్మ చర్చికిమ్మనలేదు. పాలకాయతిప్ప దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట నీళ్లల్లో పోసి రమ్మంది. తను ఓపికున్నన్నాళ్లూ తనే వెళ్లి పోసింది. తర్వాత నాకు చెప్పింది."

సుచిత్రకి ముందు భయం కాదు, ఒళ్లు మండుకొచ్చింది. గ్లాసు మీద వేలితో చదును చేసి, గింజ కింద పడితే ఏరుకుని, తను తినకుండా పిల్లలకి పెట్టుకుంటుంటే, వీళ్లు వారం వారం తీసుకెళ్లి సముద్రంలో పోశారా?

"ఏడాది నుంచి నీళ్లపాలు చేశావా? నాతో ఒక్క ముక్క చెప్పలేదే?"

"చెబితే ఇలాగే అరుస్తావని చెప్పలేదు."

"ఎందుకు పొయ్యమందో అడగలేదా?"

"అడిగాను. ఏడ్చింది. మళ్లీ అడగలేదు." చొక్కా గుండీలు విప్పుతూ అన్నాడు, "తోమాసు మావయ్యకి తెలిసి ఉంటుంది."

తోమాసు దేవమ్మకి అన్న. నాగాయలంకలో వలలు బాగుచేసుకుంటూ ఒక్కడే ఉంటాడు. మర్నాడు శుక్రవారం, పొద్దున్నే మొదటి బస్సుకి సుచిత్ర ఇద్దరు పిల్లల్నీ వేసుకుని బయల్దేరింది. అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంక చేరేసరికి తొమ్మిది కావొచ్చింది. బస్సులో కెజియా ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఆకలని కూడా అనడం మానేసింది. అదే ఎక్కువ భయపెట్టింది సుచిత్రని.

తోమాసు వరండాలో వల పరుచుకుని కూర్చుని ఉన్నాడు. సుచిత్ర 'బుల్లి' అన్న పేరు ఎత్తగానే ముసలాయన చేతిలో సూది ఆగిపోయింది.

"ఆ పేరు నీకెవరు చెప్పారమ్మాయ్?"

"కెజియా చెప్పింది మావయ్యగారూ. వచ్చి దాని పక్కన కూర్చుంటోందంట. దాని కంచంలోది తింటోంది. నా కళ్లతో చూశాను."

ఆయన కెజియా వంక చూశాడు. తర్వాత తల వంచుకుని, వల మీద చెయ్యి రాస్తూ చెప్పాడు.

"బుల్లి మా ఆఖరి చెల్లెలు. అప్పటికి సరిగ్గా ఈ పిల్ల ఈడే. డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు నేను బందర్లో రిక్షా తొక్కుతున్నాను. మూడో రోజుకి నడుచుకుంటూ వచ్చాను. ఊరు లేదు. ఇల్లెక్కడుండేదో గుర్తు పట్టడానికి కూడా ఏం లేదు. అమ్మా నాన్నా దొరకలేదు. తాటిచెట్టు మట్టల్లో ఇరుక్కుని దేవమ్మ ఒక్కతే దొరికింది. తొమ్మిదేళ్లది. కుడిచెయ్యి పిడికిలి బిగించేసి ఉంది. ఎంత లాగినా విప్పదు. క్యాంపులో ఇద్దరు పట్టుకుని విప్పితే, గుప్పెడు బియ్యం. నానిపోయి గుజ్జయిపోయినాయి. నీళ్లు ఇంట్లోకొచ్చినప్పుడు అమ్మ చేటలోంచి అందుకుందంట."

సుచిత్ర హన్నాని గట్టిగా హత్తుకుంది.

"ఆ రాత్రి బుల్లి కూడా అదే చెట్టు మీదుంది. అక్క మెడ పట్టుకుని. ఆకలే అక్కా, ఏమన్నా ఉందా అని అడిగిందంట. ఇది లేదే అంది. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ లేదంది. పిడికిట్లో పెట్టుకుని ఎందుకన్నావే అట్టా అని అడిగితే మా దేవమ్మ ఏమందో తెలుసా? రేపటికి దాచానన్నయ్యా అంది." ముసలాయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "తెల్లారేసరికి బుల్లి లేదు."

రేపటికి దాచడం అన్న మాట సుచిత్రకి సూటిగా వచ్చి తగిలింది. గోడవారన నిలబెట్టిన ఏడు మూటలు కళ్ల ముందు కనబడ్డాయి.

"ఇప్పుడేం చెయ్యమంటారు మావయ్యగారూ?"

"పెట్టు. అంతకంటే నాకేం తెలుసు? అడిగితే మాత్రం లేదనమాకు తల్లీ. ఆ మాట వినే పోయింది అది."

* * *

ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. శుక్రవారం మూట ఒక్కటే ఉంది గోడ దగ్గర. సుచిత్ర దాన్ని విప్పింది. ఈ పూటకి గ్లాసున్నర, రాత్రికి గ్లాసున్నర. కొలిచి ఎసట్లో పోసింది. నాలుగు గింజలు పొయ్యి గట్టు మీద పడ్డాయి. వాటిని కూడా ఏరి వేసింది.

అన్నం ఉడికాక చాప పరిచి రెండు కంచాలు పెట్టింది. ఒకటి కెజియా ముందు, ఒకటి ఖాళీ చోటు ముందు. రోజూ తను తినేదెంతో అంతా ఆ రెండో కంచంలో పెట్టి చారు పోసింది. దేవమ్మ చెప్పినట్టు పిల్లల నోటి దగ్గరది తియ్యలేదు. తనదే తీసింది.

"తిను బుల్లీ" అంది. కంచం ఇంకాస్త ముందుకి జరిపింది. మళ్లీ అంది, "తినమ్మా. ఉంది."

ఈసారి కళ్లు ఆర్పకూడదనుకుంది. ఉయ్యాల్లో హన్నా కేరుమంది. ఒక్క క్షణం అటు తిరిగి ఇటు చూసేసరికి రెండో కంచం కడిగి పెట్టినట్టుంది. కంచం చుట్టూ సన్నగా నీటి చార. కెజియా మాత్రం ఇంకా తన మొదటి ముద్దే నములుతోంది. దాని కంచంలో అన్నం దాని నోటితోనే తగ్గుతోంది. సుచిత్ర ముద్దలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, ఐదు, పది. పదిహేడో ముద్ద తిని పిల్ల త్రేన్చింది. చెయ్యి కడుక్కుని వచ్చి, తల్లి తొడ మీద తల పెట్టుకుని, నిండిన పొట్ట మీద చెయ్యేసుకుని నిద్రపోయింది.

సుచిత్ర గంజిలో ఉప్పేసుకుని తాగింది. ఆ రోజు ఆ గంజి ఆమెకి పెళ్లి భోజనంలా ఉంది.

ఆ శనివారం నుంచి మూటలు ఎనిమిదయ్యాయి. అత్తగారి చీర కొంగు మిగిలి ఉంటే దానితోనే ఎనిమిదోది కుట్టింది. ఏడింటిలోంచి తన వాటా తీసి అందులో పోసింది. ప్రేమ్ సాగర్ దాన్ని చూశాడు. ఆ తర్వాత పనికెళ్లిన ప్రతి రోజూ అతని క్యారేజీలో కాస్త అన్నం మిగిలి ఇంటికొచ్చేది. ఆకలి లేదనేవాడు. పొద్దంతా ఎండలో మేత బస్తాలు మోసే మనిషికి ఆకలి లేకపోవడమేమిటో! అబద్ధమాడడం కూడా చేతకాదు పిచ్చివాడికి. సుచిత్ర ఆ మిగిలింది తిని పడుకునేది.

జూన్‌లో కెజియా పద్నాలుగు కిలోలకి వచ్చింది. జూలైలో పదిహేను దాటింది. గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలబడ్డాయి. దుర్గాదేవి సంతోషించింది, "పిల్ల తేరుకుంది సరే, నువ్వేంటి ఇలా పుల్లలా అయిపోయావు" అని కసిరింది కూడా. సుచిత్ర నవ్వేసి పిల్లని తూకం మీంచి దించింది. పిల్ల దక్కింది, ఇంకేం కావాలి?

భయం కూడా మెల్లగా అలవాటైపోయింది. ఖాళీ చోటు ముందు కంచం పెట్టేటప్పుడు "ఇవాళ చేపల పులుసే బుల్లీ, ముల్లు చూసుకో" అనేంతవరకు వచ్చింది. ఇంటికి ఇంకో కూతురు వచ్చినట్టే ఉంది.

* * *

ఆగస్టులో ఒక శనివారం. చెరువుల్లో మళ్లీ రొయ్యపిల్ల వదిలారు, వచ్చే నెల నుంచి పూర్తి కూలి అని పున్నారావు గారు మాటిచ్చారు. ఈ ఒక్క నెలా ఎలాగో నెట్టుకొస్తే చాలు. సుచిత్ర ఎనిమిది మూటలూ కట్టి గోడవారన నిలబెట్టి, నడుం నిమురుకుంటూ లేచింది. వారం రోజులుగా వాన లేదు. ఎండ చురచురలాడుతోంది. పక్కింటి కోళ్లు ఎందుకో ఒక్కసారిగా అరుపు ఆపేశాయి.

కెజియా గడప మీద నిలబడి బయటికి చూస్తోంది.

"అమ్మా, బుల్లి వచ్చింది."

"వచ్చి కూర్చోమను. ఎసరు పెడుతున్నాను."

"తనొక్కతే రాలేదమ్మా."

సుచిత్ర చేతిలో గిన్నె ఆగింది.

"ఇక్కడ ఉంది అని వాళ్లకి చెప్పిందంట. అడిగితే నువ్వు లేదనవని చెప్పిందంట."

సుచిత్ర గడప దాకా నడిచింది. అది ఆరడుగుల దూరం. ఆ ఆరడుగులూ నడవడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎండకి కాలిపోతున్న వాకిలి సిమెంటు మీద తడి పాదాలు. బుల్లివి చిన్నవి, ముందున్నాయి. వాటి వెనక పెద్దవాళ్లవి. వాటి వెనక చంటిబిడ్డని చంకనెత్తుకుంటే బరువుకి ఒక పక్క లోతుగా పడే అడుగులు. ముసలివాళ్లు ఈడ్చుకుంటూ వేసే అడుగులు. వాకిలి దాటి, గేటు దాటి, రోడ్డు మీద కనుచూపు మేర, పాలకాయతిప్ప వైపు నుంచి వచ్చిన దారంతా తడి. సముద్రం వాసన గుప్పుమంటోంది. ఒక్క చప్పుడు లేదు. తోసుకోవడం లేదు. అందరూ భోజనాల బంతి దగ్గర చోటు కోసం మర్యాదగా ఆగినట్టు ఆగారు.

"ఎంతమందే?" అంది సుచిత్ర, పిల్ల భుజం పట్టుకుని.

"నాకు ఇరవై దాకానే వచ్చు కదమ్మా" అంది కెజియా.

లేదు అన్న మాట సుచిత్ర నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగా లేదు. ఉన్నది ఎనిమిది మూటలు, ఇద్దరు పిల్లలు, వారం తర్వాత వచ్చే కూలి. అంతమందికి గింజ చొప్పున కూడా రాదు. అనేస్తే తప్పేముంది? లేనిది లేదని చెప్పడం అబద్ధం కాదు కదా?

అప్పుడు ఆమె చూపు చాప మీదున్న కెజియా కంచం మీద పడింది. పన్నెండున్నర కిలోల పిల్ల చంకలో ఎంత తేలిగ్గా ఉండేదో ఆమె చేతులకి గుర్తొచ్చింది. అప్పుడు తిన్నది బుల్లి ఒక్కతే.

సుచిత్ర నోరు మూసుకుంది. లోపలికి వచ్చి ఇంట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద గిన్నె దించి, నిండా నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. గోడ దగ్గర కూలబడి ఎనిమిదో మూట విప్పింది. తర్వాత శనివారం మూట విప్పింది. తర్వాత ఆదివారంది. దారం ముళ్లు వేళ్లకి దొరకడం లేదు, పళ్లతో కొరికింది. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. ఒక్కొక్కటీ ఎసట్లో ఒంపుతుంటే వాకిట్లో తడి ఒక్కొక్క అడుగే గడప దాటి లోపలికి వస్తోంది.

శుక్రవారం మూట చేతిలోకి తీసుకునేసరికి కెజియా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, అన్నీ పోసేస్తున్నావేంటి? మరి రేపటికి మనకి?"

సుచిత్ర ఆ మూట కూడా విప్పి, గుడ్డ దులిపి, చివరి గింజ ఎసట్లో పడిందాకా ఆగింది.

"ఉందమ్మా" అంది.